కారుకు పోర్టబుల్ శాటిలైట్ రేడియో: ముందు కారును చూడండి, తరువాతే రిసీవర్‌ను ఎంచుకోండి

అమెరికాలో కారు ప్రయాణం అంటే కొన్ని దారుల్లో గంటల తరబడి ఫోన్ సిగ్నల్ లేకుండా సాగే ప్రయాణం. నెవాడా ఎడారి గుండా రీనో నుంచి సాల్ట్ లేక్ సిటీ వైపు వెళ్లే 80వ నంబరు హైవే మీద గాని, ఎల్లోస్టోన్ పార్కు లోపల గాని, పడమటి టెక్సాస్‌లో 10వ నంబరు హైవే మీద గాని ఫోన్ ద్వారా వచ్చే పాట మధ్యలోనే ఆగిపోతుంది, ఎఫ్‌ఎం స్టేషన్లు ఒక ఊరు దాటగానే గరగరలాడి మాయమవుతాయి. అటువంటి చోట కూడా ఒకే చానెల్‌ను ఆగకుండా వినిపించగలిగేది, ఉపగ్రహం నుంచి నేరుగా ప్రసారం పట్టుకునే, చందా కట్టి వినే శాటిలైట్ రేడియో. ఆ దేశంలో ఉంటున్న మనవాళ్లలో చాలామంది మొదట పాత కారే కొనుక్కుంటారు, దానిలో ఈ సదుపాయం ఉండకపోవచ్చు. కారులోని స్టీరియోను పీకి మార్చకుండా, విడిగా ఒక చిన్న రిసీవర్ కొని పెట్టుకోవాలనుకునే వారికోసం ఈ వివరాలు రాస్తున్నాను.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కారులో ఇప్పటికే ఉన్న స్టీరియో మీద ఎస్ఎక్స్ఎం, శాట్, ఎక్స్ఎం అనే అక్షరాలున్న మీట ఉందేమో చూడండి. లేదా సోర్స్ మీటను వరుసగా నొక్కుతూ ఆ పేరు వస్తుందేమో గమనించండి. వస్తే సున్నా చానెల్‌కు తిప్పండి. అక్కడ రేడియో ఐడీ, అంటే ఆ రిసీవర్ గుర్తింపు సంఖ్య, కనిపించిందంటే రిసీవర్ కారు తయారైనప్పుడే లోపల అమర్చి ఉన్నట్టు, మీరు చందా కడితే చాలు. ఈ పరీక్ష చేయకుండా కొత్త రిసీవర్ కొనడం అనవసరమైన ఖర్చు.

ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో కొద్దిగా తెలిస్తే ఎంపిక చాలా తేలికవుతుంది. ఎక్స్ఎం అనే కంపెనీ 2001లో, సిరియస్ అనే కంపెనీ 2002లో ప్రసారాలు మొదలుపెట్టాయి. రెండూ 2008లో విలీనమై సిరియస్ఎక్స్ఎం అయ్యాయి. ప్రసారాలు 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి, అందులో కింది సగం సిరియస్‌ది, పై సగం ఎక్స్ఎంది. కంపెనీ ఒకటే అయినా ఆ రెండు పద్ధతులూ వేరు, ఒకదాని కోసం చేసిన రిసీవర్ రెండోదాన్ని పట్టుకోలేదు, ఒకదాని డాక్ (రిసీవర్‌ను కూర్చోబెట్టే పీఠం) రెండోదానికి సరిపోదు. ఎక్స్ఎం ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, పశ్చిమ రేఖాంశం 85, 115 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంటాయి. అందువల్ల అవి అమెరికాలో ఎక్కడ నిలబడి చూసినా దక్షిణ దిక్కున ఉంటాయి. వాటిలో దగ్గరిది హ్యూస్టన్ నుంచి చూస్తే 50 డిగ్రీలకు పైగా ఎత్తులో, సియాటిల్ నుంచి చూస్తే దాదాపు 35 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ దక్షిణం వైపున్న కొండ, పొడవైన చెట్ల వరుస, ఎత్తైన భవనం సిగ్నల్‌కు ఎక్కువగా అడ్డొస్తాయి. పెద్ద నగరాల నడిబొడ్డున ఈ లోటు తీర్చడానికే కంపెనీ నేలమీద రిపీటర్లు, అంటే అదే ప్రసారాన్ని తిరిగి పంపే ట్రాన్స్‌మిటర్లు, పెట్టింది. రెండు ఉపగ్రహాలూ ఒకే కార్యక్రమాన్ని కొన్ని సెకన్ల తేడాతో పంపుతాయి కాబట్టి, చిన్న వంతెన కింద నుంచి వెళ్లినప్పుడు మాట తెగదు. కాని పొడవైన సొరంగంలో, భూగర్భ పార్కింగ్‌లో ఏ రిసీవర్ అయినా మౌనం వహిస్తుంది. దానికి పరికరాన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఇక అసలు విషయం. దుకాణంలో అందరూ తెర ఎంత పెద్దది, ఎన్ని చానెళ్లు గుర్తుపెట్టుకుంటుంది అని చూస్తారు. నా ఉద్దేశంలో అవి చివర చూడవలసినవి. రిసీవర్ లోపలి నుంచి కారు స్పీకర్లలోకి ధ్వని ఏ దారిలో వెళ్తుందన్నదే మొదట తేల్చుకోవాలి, ఎందుకంటే ఎంత మంచి రిసీవర్ అయినా ఆ దారి బాగా లేకపోతే వినడానికి కష్టంగానే ఉంటుంది.

అన్నిటికన్నా మంచి దారి ఆక్స్ వైరు. స్టీరియో ముందు భాగంలోగాని, రెండు సీట్ల మధ్యనున్న పెట్టెలోగాని హెడ్‌ఫోన్ గుచ్చుకునేలాంటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే వెతకడం అక్కడితో ఆపండి. చవకగా దొరికే చిన్న వైరుతో పని పూర్తవుతుంది, ధ్వని శుభ్రంగా ఉంటుంది, ఊరు మారినా ఏమీ సర్దుకోనక్కర లేదు. కొన్ని కార్లలో చార్జరూ ఆక్స్ వైరూ ఒకేసారి పెట్టినప్పుడు ఇంజిన్ వేగాన్ని బట్టి పెరిగి తగ్గే సన్నని కూత వినిపిస్తుంది. దానికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరాన్ని ఆక్స్ వైరు మధ్యలో కలిపితే సాధారణంగా పోతుంది. కూత వచ్చిందని రిసీవర్‌ను వెనక్కి ఇచ్చేయకండి. ఆక్స్ లేదు గాని బ్లూటూత్ ఉన్న కారు అయితే, రోడీ బీటీ వంటి బ్లూటూత్ ఉన్న నమూనాను ఎంచుకోండి. క్యాసెట్ ప్లేయర్ ఉన్న పాత కారుకు క్యాసెట్ అడాప్టర్ ఇప్పటికీ దొరుకుతుంది, అది ఎఫ్‌ఎం దారి కంటే మేలు.

ఎఫ్‌ఎం దారి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దానినే వాడతారు, ఎక్కువమంది విసిగిపోయేదీ దానితోనే. రిసీవర్ తనలోని చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ఒక ఎఫ్‌ఎం పౌనఃపున్యం మీద ప్రసారం చేస్తుంది, మీ కారు స్టీరియో దాన్ని మామూలు స్టేషన్‌లాగే పట్టుకుంటుంది. అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇటువంటి ట్రాన్స్‌మిటర్ల శక్తిని చాలా తక్కువకు పరిమితం చేసింది. 2006లో కొన్ని శాటిలైట్ రేడియోలు ఆ పరిమితిని మించుతున్నాయని తేలాక తయారీదారులు శక్తి తగ్గించవలసి వచ్చింది. కాబట్టి మీరు వాడే పౌనఃపున్యం మీద ఆ ఊరి స్టేషన్ ఏదీ ఉండకూడదు. పల్లె ప్రాంతాల్లో ఖాళీ సులభంగా దొరుకుతుంది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో వంటి చోట్ల డయల్ అంతా నిండిపోయి ఉంటుంది, దొరికిన ఖాళీ కూడా పది మైళ్లు పోయేసరికి వేరే స్టేషన్ చేతిలోకి వెళ్తుంది. రోజూ అటువంటి నగరంలో తిరిగేవారు ఈ దారిని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. కారులో ఆక్స్, బ్లూటూత్, క్యాసెట్ ఏవీ లేకపోతే, కారు యాంటెన్నా వైరుకూ స్టీరియోకూ మధ్య బిగించే ఎఫ్‌ఎం డైరెక్ట్ అడాప్టర్ వేయించుకోండి. స్టీరియోను బయటికి తీయాలి కనుక మెకానిక్ అవసరం కావచ్చు గాని, సిగ్నల్ గాలిలో కాకుండా వైరులో వెళ్తుంది కాబట్టి ఊరి స్టేషన్ల బెడద చాలా వరకు తప్పుతుంది.

ధ్వని దారి తేలాక యాంటెన్నా చోటు చూడండి. రిసీవర్‌తో వచ్చే అగ్గిపెట్టె లాంటి నల్ల యాంటెన్నాకు అడుగున అయస్కాంతం ఉంటుంది, అది కారు టాప్ మీద వెనుక వైపు మధ్యలో, అంచులకూ సామాను కట్టే కమ్మీలకూ కనీసం మూడు అంగుళాల దూరంలో ఉంటే బాగా పనిచేస్తుంది. కింద ఉన్న లోహపు రేకు కూడా సిగ్నల్ పట్టడానికి సాయపడుతుంది. అయితే అన్ని కార్ల టాప్ ఉక్కుది కాదు. ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు 2015 నమూనా నుంచి అల్యూమినియం బాడీతో వస్తోంది, టెస్లా కార్లలో చాలావాటికి గాజు టాప్ ఉంటుంది. అక్కడ అయస్కాంతం అతుక్కోదు, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాలి లేదా డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద పెట్టినా చాలాసార్లు సిగ్నల్ వస్తుంది గాని, ఎండ వేడిని ఆపడానికి ముందు అద్దానికి లోహపు పూత వేసిన కార్లలో రాదు. అందుకని వైరును పరిచే ముందు యాంటెన్నాను అనుకున్న చోట ఊరకే పెట్టి, కారును ఆరుబయట నిలిపి, సిగ్నల్ గీతలు చూసుకోండి.

వైరును లోపలికి తెచ్చేటప్పుడు తలుపు మూసినప్పుడు నలిగే చోట వేయకండి. డిక్కీ అంచునున్న రబ్బరు బీడింగ్ కిందుగా లోపలికి దూర్చి, వెనుక సీటు పక్కనుంచి నేల మీది ప్లాస్టిక్ అంచుల కిందుగా ముందుకు తీసుకురావడం మంచి పద్ధతి. రబ్బరు పైనుంచి వేస్తే వాన నీరు వైరు వెంట లోపలికి వస్తుంది. మిగిలిన వైరును కోయకుండా వదులుగా చుట్టి సీటు కింద దాచండి, కోస్తే యాంటెన్నా పనికిరాదు.

ఇప్పుడు రిసీవర్ సంగతి. పోర్టబుల్ అనే మాటతో అమ్మేవన్నీ ఒకటి కావు. ఓనిక్స్ ఈజెడ్, ఓనిక్స్ ఈజెడ్ఆర్ వంటివి డాక్‌లో కూర్చోబెడితేనే పనిచేస్తాయి. విద్యుత్తు, యాంటెన్నా, ధ్వని అన్నీ డాక్ నుంచే రావాలి. అయినా నా దృష్టిలో ఎక్కువ కుటుంబాలకు సరిపోయేవి ఇవే. రెండో కారులో ఒక డాక్, ఇంట్లో ఒక డాక్ పెట్టుకుంటే, రిసీవర్‌ను మాత్రం తీసుకుని తిరగవచ్చు, చందా ఒక్కటే సరిపోతుంది. ఎందుకంటే చందా రేడియో ఐడీకి కట్టుబడి ఉంటుంది, కారుకు కాదు. బ్యాటరీతో జేబులో పెట్టుకుని నేరుగా ఉపగ్రహాన్ని పట్టుకోగల ఇన్నో, స్టిలెటో వంటివి ఒకప్పుడు వచ్చాయి, వాటిని ఇప్పుడు పాత సరుకుగానే కొనాలి. టూర్ అనే నమూనా వైఫై ద్వారా ఇంటర్నెట్ చానెళ్లు కూడా వినిపిస్తుంది, కాని కారులో దానికి మీ ఫోన్ హాట్‌స్పాట్ కావాలి కనుక సిగ్నల్ లేని దారిలో అది కూడా ఉపగ్రహం మీదే ఆధారపడుతుంది. అదనపు సదుపాయాల్లో నేను విలువ ఇచ్చేది ఒక్కటే: గడిచిన ప్రసారాన్ని వెనక్కి తిప్పి వినే వీలు. పెట్రోలు బంకులో దిగినప్పుడు ఆపి, తిరిగి వచ్చాక అక్కడినుంచే వినవచ్చు. పెద్ద రంగుల తెర డ్రైవింగ్‌లో చూపు మరల్చడానికే ఎక్కువగా పనికొస్తుంది. పెద్ద మీటలు, తేలికగా తిరిగే నాబ్ ఉన్నదాన్ని ఎంచుకోండి.

రిసీవర్‌ను బిగించే చోటు కూడా కొనక ముందే అనుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట ఎప్పుడూ పెట్టవద్దు. అద్దానికి అతికించే స్టాండుపై కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. కాలిఫోర్నియాలో డ్రైవరు వైపు కింది మూలన ఐదు అంగుళాల చదరం, పక్క సీటు వైపు కింది మూలన ఏడు అంగుళాల చదరం లోపలే అనుమతిస్తారు. ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించేవి వేసవిలో బాగుంటాయి గాని, చలికాలంలో హీటర్ వేడి నేరుగా రిసీవర్‌కు తగులుతుంది.

పాతది కొనేవారు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది వోల్టేజి. కొత్త డాక్‌లు 5 వోల్టులవి, పాతవాటిలో కొన్ని 12 వోల్టులవి. ప్లగ్గు సరిపోయిందని తెచ్చిపెడితే రిసీవర్ కాలిపోవచ్చు, కనుక అడాప్టర్ మీద రాసి ఉన్న అంకెను, రిసీవర్ వెనుక ఉన్న అంకెను కలిపి చూడండి. రెండోది రేడియో ఐడీ. సున్నా చానెల్‌లో కనిపించే ఐడీని అమ్మేవారి నుంచి ముందే తీసుకుని, దానిపై చందా మొదలుపెట్టవచ్చో లేదో కంపెనీని అడిగి తెలుసుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఎక్స్ఎం పద్ధతి ఐడీలో ఎనిమిది అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అందులో రావు, కాబట్టి అలా కనిపించినవి ఒకటి, సున్నా, ఐదు వంటి అంకెలని గుర్తుంచుకోండి.

దీన్ని ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. ఇల్లు, ఆఫీసు మధ్య నగరంలోనే తిరుగుతూ, ఫోన్‌లో సరిపడా డేటా ఉన్నవారికి ఫోన్ యాప్ చాలు. తెలుగు పాటలు, తెలుగు వార్తలు వినడమే మీ కోరిక అయితే ఇంటర్నెట్ రేడియోల వైపే వెళ్లండి, ఈ చానెళ్ల జాబితా మీ కోరిక తీర్చదు. అలాస్కా, హవాయి రాష్ట్రాల్లో ఉన్నవారికి ఉపగ్రహ ప్రసారం అందదు. ఇండియాకు తీసుకువెళ్లి వాడదామన్న ఆలోచన అసలు వద్దు. వరల్డ్‌స్పేస్ మన దేశంలో అందించిన శాటిలైట్ రేడియో గుర్తున్నవారు ఆ ఆశ పెట్టుకోవచ్చు గాని, అది వేరే ఉపగ్రహంతో, వేరే పౌనఃపున్యాలతో నడిచింది, 2009 చివరితో ఆగిపోయింది. అమెరికా రిసీవర్‌కు ఇక్కడి ఆకాశంలో పట్టుకునే ప్రసారమే లేదు.

చందా విషయంలో తొలి నెలల రాయితీ ధరను చూసి నిర్ణయం తీసుకోకండి, ఆ గడువు ముగిశాక పడే పూర్తి ధర ఎంతో, దానిపై సంగీత రాయల్టీ పేరుతో చేరే రుసుము ఎంతో ముందే అడిగి రాసుకోండి. చందా రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేస్తున్నారని న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ 2023లో ఈ కంపెనీపై కేసు వేశారు. అందుచేత రాయితీ ముగిసే తేదీకి రెండు వారాల ముందే ఫోన్‌లో గుర్తుచేసే అలారం పెట్టుకుని, కొనసాగించాలో మానాలో అప్పుడే తేల్చి కంపెనీకి చెప్పండి.

అన్నీ అమర్చాక కారును పైకప్పు లేని చోటుకు, దక్షిణం వైపు అడ్డు లేకుండా తీసుకువెళ్లి, రిసీవర్‌ను వెలిగించి, ఆ తరువాతే చందా మొదలుపెట్టే అభ్యర్థన పంపండి. ఆ అనుమతి కూడా ఉపగ్రహం నుంచే వస్తుంది కాబట్టి షెడ్డులో నిలిపిన కారులో ఎంతసేపు చూసినా రాదు. కొద్ది నిమిషాల్లో చానెళ్లన్నీ తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే రిసీవర్‌ను ఆపకుండా అలాగే ఉంచి, సంకేతాన్ని మళ్లీ పంపమని కోరండి. కారు ఆపినా చార్జర్ సాకెట్‌లో విద్యుత్తు ఆగని కార్లలో దిగేటప్పుడు ప్లగ్గు తీయండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. టెక్సాస్, అరిజోనా ఎండల్లో అయితే రిసీవర్‌ను డాక్ నుంచి తీసి వెంట తీసుకువెళ్లండి.