ఇంటి మాస్టొడాన్ సర్వరు మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

అమలాపురంలోనో భీమవరంలోనో ఇంటి ఫైబరు మీద, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరు బోర్డుతో మాస్టొడాన్ (ఎవరి సర్వరు వాళ్లు నడుపుకుంటూ, ఇతర సర్వర్లతో పోస్టులు పంచుకునే సోషల్ నెట్‌వర్కు) నడిపేవాళ్ల కోసం ఇది. ఏదో ఆగిందని వెంటనే సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ ఎక్కించకండి. కరెంటు, నెట్టు, గడియారం ముందు చూడండి.

ఇంటి వైఫై మీద తెరుచుకుంటుంది, బయటి నుంచి తెరుచుకోదు

రౌటరు పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రౌటరుకిచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీది సీజీనాట్ కనెక్షన్. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నారు. పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని రౌటరు మీ బోర్డుకు పంపే ఏర్పాటు) ఎన్నిసార్లు పెట్టినా లాభం లేదు. స్టాటిక్ ఐపీ (మీకు మాత్రమే ఇచ్చే, మారని చిరునామా) కొనుక్కోవాలి, లేదా చిన్న వీపీఎస్ (బయటి కంపెనీ దగ్గరుండే సర్వరు) అద్దెకు తీసుకుని ఇంటి బోర్డు నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ వెయ్యాలి. రెండోదే మేలు. రేపు నెట్ కంపెనీ మారినా సర్వరు చిరునామా మారదు. ఇంటివైపు కాన్ఫిగ్‌లో పర్సిస్టెంట్ కీప్‌ఎలైవ్ 25 పెట్టండి. లేకపోతే కాసేపు రాకపోకలు లేనప్పుడు రౌటరు ఆ దారి మూసేస్తుంది.

మన పోస్టు మనకే కనపడుతుంది, వేరే సర్వర్లకు చేరదు

అడ్మిన్ మెనూలో సైడ్‌కిక్ (మాస్టొడాన్ వెనక పనులు చేసే ప్రోగ్రాం) పేజీ తెరిచి పుష్ క్యూ (బయటికి పంపాల్సినవాటి వరుస) చూడండి. క్యూ పెరుగుతూ పోతుంటే ర్యామ్ చాలడం లేదు, లేదా సైడ్‌కిక్ ఆగిపోయింది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం పెరిగి ఇచ్చిన వరద హెచ్చరికను మీరు పోస్టు చేశారనుకోండి. గోదావరి లంకల్లో ఉన్నవాళ్లకు ఆ కబురు నాలుగు గంటలు ఆలస్యంగా అందితే అందనట్టే. అందుకే వరదల రోజుల్లో ఈ క్యూని రోజూ చూడాలి.

అదే పేజీ రీట్రైల్లో (మళ్లీ ప్రయత్నించాల్సినవాటి జాబితాలో) 401 (అవతలి సర్వరు ఒప్పుకోలేదనే కోడు) కనపడితే గడియారాన్ని అనుమానించండి. సర్వర్లు ఒకదానికొకటి పంపే ప్రతి సందేశానికీ తేదీ, సమయంతో కలిపి డిజిటల్ సంతకం ఉంటుంది. తేడా గంట దాటితే అవతలి మాస్టొడాన్ దాన్ని తిప్పికొడుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకుముందు బోర్డుల్లో గడియారం బ్యాటరీ లేదు. కరెంటు పోతే సమయం అక్కడే ఆగిపోతుంది, నెట్ వచ్చాకే సరిపడుతుంది. ఇంకో తప్పు చాలామంది చేస్తారు: టైమ్‌జోన్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండగా గోడ గడియారం చూసి చేత్తో సమయం పెట్టేస్తారు. సర్వరు ఐదున్నర గంటలు ముందుకు పోతుంది, ఒక్క పోస్టూ బయటికి వెళ్లదు. టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) ఆదేశంతో ఎన్‌టీపీ (నెట్ నుంచి సమయం సరిచేసుకునే పద్ధతి) ఆన్ చేసి, జోన్ ఏషియా కోల్‌కతా పెట్టండి. కరెంటు తరచూ పోయే ఊళ్లో బ్యాటరీతో నడిచే డీఎస్3231 గడియారం మాడ్యూలు తగిలించండి.

కరెంటు వచ్చాక డేటాబేస్ లేవదు

రాస్తుండగా కరెంటు పోతే ఎస్‌డీ కార్డు పాడవుతుంది. డేటాబేస్‌ని యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి. ఫైబరు మోడెమ్‌నీ ఇన్వర్టరుకే కలపండి, బోర్డు ఒక్కటి బతికుంటే చాలదు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ల్యాన్ జాక్ పిన్నుల మీద పచ్చటి చిలుం పడుతుంది, అదీ చూడండి.

రోజూ పీజీ డంప్ (pg_dump ఆదేశంతో డేటాబేస్ నకలు) తీసి, రహస్య కీలుండే ఎన్వ్ ప్రొడక్షన్ (.env.production) ఫైలుతో కలిపి గోదావరి డెల్టా బయట, హైదరాబాదులోనో మరోచోటో ఉంచండి. నీళ్లొస్తే ఇల్లూ బ్యాకప్పూ కలిసి మునగకూడదు. ఖాతాల సంతకం కీలు డేటాబేస్‌లోనే ఉంటాయి.

తుపానుకు ఒకటి రెండు రోజులు సర్వరు ఆగినా కంగారు వద్దు, ఇతర సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. ఏడు రోజులు అందకపోతే పంపడం మానేస్తాయి. మీ వైపు నుంచి ఏదైనా చేరితే తిరిగి మొదలుపెడతాయి.

డిస్కు నిండిపోయింది

నింపేది మీ ఫొటోలు కాదు, ఇతర సర్వర్ల నుంచి దాచుకున్న నకళ్లు. మాస్టొడాన్ ఆదేశం టూట్‌సీటీఎల్ మీడియా రిమూవ్‌ని డేస్ 7తో (tootctl media remove --days 7) వారానికోసారి నడిచేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపే ఏర్పాటు) పెట్టండి. మీవాళ్లు ఎక్కించినవి పోవు.

ఒకే ట్యాగు రెండుగా చీలింది

ఒకరు #కాటన్‌బ్యారేజీ అని, మరొకరు #కాటన్బ్యారేజీ అని రాస్తారు. మొదటిదాంట్లో పొల్లు తర్వాత కనపడని అక్షరం ఒకటుంది, సర్వరుకు అవి వేర్వేరు. ఊరంతా వాడే ట్యాగుకు మధ్యలో పొల్లు లేని మాట ఎంచుకోండి: #గోదావరివరద.

కొత్తగా ఫాలో అయినవారి పాత పోస్టులు రావు

ఇది లోపం కాదు. ఫాలో అయ్యాక వచ్చేవే మీ సర్వరుకు చేరతాయి. పాతది కావాలంటే దాని లింకును సెర్చ్‌లో అతికించండి, వస్తుంది.