వానలకు ముందే ఊరి నీటికి చేయాల్సిన జాగ్రత్తలు

బావిలో నీళ్లు అడుగంటిన రోజులే దాన్ని బాగుచేసుకోవడానికి అనువైనవి. మొదటి వాన నేల మీదున్న పెంటనంతా కడిగి, పగుళ్ల గుండా లోపలికి దింపుతుంది. అందుకే వానలకు మూడు నాలుగు వారాల ముందే నీటి కమిటీ కూర్చుని పనులు పంచుకోవాలి. రోజూ నీళ్లు మోసే ఆడవాళ్లు ఆ సమావేశంలో ఉండి తీరాలి. ఏ బావి ముందుగా రంగు మారుతుందో, ఏ కుళాయిలో మొదటి బిందెకు బురద వస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ముందు ఊరంతా నడిచి చూడండి. బావి చుట్టూ కనీసం మీటరు వెడల్పున గచ్చు, దానికి బయటివైపు వాలు, 70 సెంటీమీటర్ల పిట్టగోడ, పైన మూత ఉండాలి. గచ్చుకూ గోడకూ మధ్య పగులు సన్నదే కదా అని వదలొద్దు. ఒలికిన నీరు అక్కడినుంచే తిరిగి బావిలో చేరుతుంది. చేతిపంపును పట్టుకుని ఊపి చూడండి. దిమ్మె కదిలితే కింద సందు ఉన్నట్టే. మరుగుదొడ్డి గుంత, పెంటకుప్ప బావికి 15 మీటర్ల లోపు ఉండకూడదు. ఇసుక నేల, పగుళ్ల రాతి నేల అయితే ఇంకా దూరం కావాలి. పైపులైన్ విషయానికొస్తే, మురుగు కాలువను దాటే ప్రతి చోటూ చూడాలి. నీళ్లు వదిలినప్పుడు బయటికి చిమ్మే లీకు, ఆపగానే మురుగును లోపలికి పీలుస్తుంది. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లిచ్చే ఊళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

పూడిక తీయడానికి బావిలో దిగేవాళ్ల ప్రాణం గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. మూసి ఉన్న బావి అడుగున ప్రాణవాయువు తగ్గిపోయి, బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఉండొచ్చు. దానికి రంగు, వాసన ఉండవు. దీపం దింపి చూడటం నమ్మదగ్గ పరీక్ష కాదు. గాలి కొలిచే పరికరం లేకపోతే మనిషిని దింపకండి, ఆ పని చేసే శిక్షణ ఉన్నవాళ్లను పిలవండి. దిగేవారికి నడుముకే కాదు, భుజాలకూ పట్టీ ఉండాలి. పైన తాడు పట్టుకుని ఇద్దరు ఉండాలి. డీజిల్ ఇంజను బావిలోపల పెట్టొద్దు, దాని పొగ చంపుతుంది. లోపల ఒకరు పడిపోతే కాపాడదామని ఇంకొకరు దూకొద్దు. ఇలాంటి చోట రెండో ప్రాణం పోయేది అలాగే.

ఇక నీటిని శుద్ధి చేసే మందు, అంటే బ్లీచింగ్ పౌడరు లెక్క. గుండ్రటి బావి వ్యాసాన్ని, నీటి లోతును మీటర్లలో కొలవండి. వ్యాసాన్ని దానితోనే గుణించి, లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 3 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల నీరు ఉంటే సుమారు 28,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చొప్పున 70 గ్రాములు పడుతుంది. తాజా పౌడరులో క్రిములను చంపే క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూత తీసి ఉంచినా, చెమ్మ తగిలినా ఆ శక్తి పోతుంది. గడ్డకట్టి, వాసన తగ్గిన పౌడరుతో ఈ లెక్క పనిచేయదు.

ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పాతిక వరకు నీళ్లు పోసి కలియబెట్టండి. పది నిమిషాలు ఆగితే సున్నపు మడ్డి అడుక్కు దిగుతుంది. పైన తేటనే వేరే బకెట్లోకి వంచి, తాడుతో బావిలోకి దింపి, నీటిలో పైకీ కిందికీ, పక్కలకూ గట్టిగా ఊపండి. మడ్డిని బావిలో పోయొద్దు, నీటి కఠినత్వం పెరుగుతుంది. రాత్రి అందరూ తోడుకున్నాక వేయడం మేలు. కనీసం గంటసేపు ఎవరూ తోడకూడదు. కలిపేటప్పుడు చేతి తొడుగులు వేసుకుని, గాలికి ఎదురుగా నిలబడకండి. ఆ బకెట్లో యాసిడ్ ఉన్న క్లీనర్ తగిలితే విషవాయువు పుడుతుంది.

గంట తర్వాత క్లోరిన్ కొలిచే కిట్టుతో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. తక్కువైతే ఇంకొంచెం వేసి మళ్లీ చూడండి. పైపులైన్ ఉన్న ఊళ్లో ట్యాంకు దగ్గర కొలిచి ఊరుకోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. లెక్కలోకి వచ్చేది చివరి కుళాయి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. రోజూ కొలిచి, తేదీతో పుస్తకంలో రాసి, ఆ పుస్తకం అందరూ చూసే చోట పెట్టండి. వాసన వస్తోందని ఎవరైనా అంటే మందు తగ్గించేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ వాసన ఎందుకొస్తుందో ముందే ఇంటింటికీ చెప్పండి.

నీరు బురదగా ఉంటే క్లోరిన్ మట్టికే ఖర్చయిపోతుంది. ముందు పటికతో తేర్చాలి. లీటరు సీసాలు నాలుగైదు పెట్టి వేర్వేరు మోతాదులు వేసి చూసి, తేటగా దిగిన వాటిలో తక్కువ మోతాదునే తీసుకోండి.

వరద నీరు బావిలోకి వస్తే ఆ నీరు తాగొద్దు. చుట్టూ నీరు తగ్గాకే మెల్లగా తోడండి, ఒక్కసారిగా ఖాళీ చేస్తే వరలు కూలతాయి. తర్వాత వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున పౌడరు కలిపి, ఒక రోజు ఉంచి, వాసన పోయేదాకా తోడి పారబోయండి. ఆ నీటిని చెరువులోకి వదిలితే చేపలు చస్తాయి. అందాకా ఇళ్లలో నీరు తెర్లేలా ఒక నిమిషం కాచి తాగాలి.

చివరి కుళాయిలో క్లోరిన్ సున్నా వచ్చిందంటే మర్నాటిదాకా ఆగొద్దు. ఆ రోజే కాచి తాగమని చాటింపు వేయించి, ట్యాంకు నుంచి ఆ కుళాయి దాకా ఒక్కో చోట కొలుచుకుంటూ వెళ్లండి. క్లోరిన్ ఒక్కసారిగా ఎక్కడ పడిపోతే, ముందు అక్కడే తవ్వి చూడండి.