పేరు వెనక తోక: బ్రిటిష్ అడ్మిరల్ జీవితం చదవడం, మూడో పాఠం

ఈ పాఠాల్లో మన అడ్మిరల్ ఆండ్రూ కన్నింగ్‌హామ్, రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన అధికారి. ముందు గత పాఠం అభ్యాసానికి జవాబు. ఆండ్రూ కన్నింగ్‌హామ్ 1911లో ‘స్కార్పియన్’ అనే చిన్న, వేగమైన యుద్ధనౌకకు, అంటే డిస్ట్రాయర్‌కు కెప్టెన్ అయ్యారు. 1919 ముగిసి 1920 మొదలయ్యే రోజుల్లో మళ్లీ కెప్టెన్ అయ్యారు. రెండూ నిజమే. ఎలా?

మొదటిది పని, రెండోది హోదా. ఓడ చిన్నదైనా పెద్దదైనా దాన్ని నడిపించే అధికారిని అందులో వాళ్లు కెప్టెన్ అనే అంటారు. స్కార్పియన్ పగ్గాలు అందుకున్ననాడు ఆయన హోదా లెఫ్టినెంటే. 1915లో కమాండర్ అయ్యారు, ఆ తర్వాతే నాలుగు చారల కెప్టెన్. ఈ తేడా పట్టుకున్నవాళ్లకు ఇవాళ్టి పాఠం సులువు. ఎందుకంటే ఇవాళ కూడా ఒకే మాట వెనక రెండు అర్థాలు దాక్కునే చోట్లే ఎక్కువ.

ఈ వరస ఒక కాగితం మీద రాసుకోండి:

అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్, వైకౌంట్ కన్నింగ్‌హామ్ ఆఫ్ హైండ్‌హోప్, కేటీ, జీసీబీ, ఓఎం, డీఎస్‌వో అండ్ టూ బార్స్.

మూడు ముక్కలు చేయండి. ముందున్నది హోదా. నడుమ ఉన్నది పేరు, దాన్ని మింగేసిన బిరుదు. చివరిది తోక, అంటే పొందిన గౌరవాలను సూచించే పొట్టి అక్షరాలు. హోదా సంగతి గత రెండు పాఠాల్లో అయిపోయింది. ఒక్క మాట మాత్రం చేర్చాలి: 1943లో అందిన ఆ అత్యున్నత హోదాకు రిటైర్మెంట్ ఉండదు. పదవి వదిలి ఇంటికి వెళ్లినా, 1963లో చనిపోయేదాకా ఆయన నౌకాదళం జాబితాలో ఉద్యోగంలో ఉన్న అధికారే.

ఇక తోక. మన ఊళ్లో మాస్టారి ఇంటి గుమ్మం మీద ‘ఎం.ఏ., బి.ఇడి.’ అని బోర్డు ఉంటే ముందు ఏది చదివారో, తర్వాత ఏది చదివారో ఊహించుకుంటాం. పెళ్లి శుభలేఖలోనూ అంతే. ఆ అలవాటుతో అడ్మిరల్ తోక చదివితే కథ తలకిందులవుతుంది. అక్కడ అక్షరాలు సంపాదించిన వరసలో ఉండవు, గౌరవం వరసలో ఉంటాయి. పెద్దది ముందు, చిన్నది వెనక. కాబట్టి మొదటి చిట్కా: ఉర్దూ చదివినట్టు కుడి నుంచి ఎడమకు చదవండి. ఇది పూర్తిగా సరైన నియమం కాదు, కాసేపట్లో నేనే దాన్ని తప్పని చూపిస్తాను. కానీ మొదలుపెట్టడానికి అదే మంచి దారి.

కుడి చివర డీఎస్‌వో ఉంది. డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్, 1886లో పెట్టింది, యుద్ధంలో పనితనం చూపిన అధికారులకు ఆ రోజుల్లో ఇచ్చేవారు. దాని పక్కన ‘అండ్ టూ బార్స్’ అని ఉంది చూశారా? బార్ అంటే అదే పతకం మళ్లీ వచ్చిందని రిబ్బన్ మీద తగిలించే లోహపు పట్టీ. రెండు బార్లంటే మొత్తం మూడుసార్లు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే, రెండుసార్లు అని రాసేస్తారు. బార్ల సంఖ్యకు ఒకటి కలపాలి.

ఆ మూడూ ఎక్కడెక్కడివో చూడండి. మొదటిది 1915 డార్డనెల్స్ యుద్ధానిది, టర్కీ జలసంధి దగ్గర స్కార్పియన్ మీద ఉన్నప్పటిది. రెండోది 1918లో ఇంగ్లిష్ చానల్‌లో, డోవర్ గస్తీ దళంలో చేసిన పనికి. అప్పుడు ఓడ ‘టెర్మగంట్’. మూడోది 1919లో బాల్టిక్ సముద్రంలో, ‘సీఫైర్’ మీద. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిపోయి జనం ఇళ్లకు చేరుతున్న రోజుల్లో ఆయన లాత్వియా తీరాన మందుపాతరలున్న నీళ్లలో తిరుగుతున్నారు. మూడు సముద్రాలు, మూడు ఓడలు, మూడూ డిస్ట్రాయర్లే. స్కార్పియన్ ఒక్కదాని మీదే 1911 నుంచి 1918 మొదటిదాకా ఉన్నారు. ఒక అధికారి అన్నేళ్లు ఒకే చిన్న ఓడను నడపడం ఆ నేవీలో అరుదు.

నన్నడిగితే ఈ తోకలో మనిషిని చూపించేది ఈ చివరి ముక్కే. మిగతావి పెద్ద పదవుల్లో ఉన్నప్పుడు వచ్చినవి. వాటి వెనక వేలమంది శ్రమ ఉంటుంది. డీఎస్‌వోలు మాత్రం ఆయన స్వయంగా డెక్ మీద నిలబడి తడిసి సంపాదించుకున్నవి. అచ్చులో వాటికి దక్కింది చిట్టచివరి స్థానం.

ఎడమకు జరగండి. ఓఎంను కాసేపు పక్కన పెట్టి జీసీబీ చూద్దాం. ఇది ఆర్డర్ ఆఫ్ ది బాత్ అనే గౌరవ శ్రేణిలో పై మెట్టు. 1725లో మొదటి జార్జ్ రాజు పెట్టిన ఆర్డర్ ఇది. ‘నైట్’ అనే వీర బిరుదు ఇవ్వబోయేవాడికి ముందు స్నానం చేయించే పాత ఆచారం నుంచి ఆ పేరు వచ్చింది. మెట్లు మూడు: కింద సీబీ, నడుమ కేసీబీ, పైన జీసీబీ. మెట్టెక్కగానే కింది మెట్టు పేరు తోకలోంచి పోతుంది. కన్నింగ్‌హామ్‌కు 1934లో సీబీ, 1939లో కేసీబీ, 1941లో జీసీబీ వచ్చాయి. తోకలో మిగిలింది మాత్రం ఒక్క జీసీబీ. అంటే మీకు మూడు అక్షరాలు కనిపిస్తే మూడు తేదీలు వెతకాలి.

మన నేవీలో ఈ పద్ధతి లేదు. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతుల పేర్లు చూడండి, చాలామందికి పీవీఎస్ఎం, ఏవీఎస్ఎం, వీఎస్ఎం (విశిష్ట సేవా పతకాల్లో మూడు మెట్లు) అన్నీ వరసగా ఉంటాయి. కింది పతకం పై పతకంలో కలిసిపోదు. హోదాల పేర్లు బ్రిటిష్ నేవీ నుంచి తెచ్చుకున్నాం, తోక రాసే పద్ధతి మాత్రం మనదే.

1941 అనగానే చరిత్ర తెలిసినవాళ్ల చెయ్యి దురద పెడుతుంది. ఆ ఏడాది మార్చి 28, 29 తేదీల్లో గ్రీసు దక్షిణాన మటపాన్ యుద్ధం జరిగింది. కన్నింగ్‌హామ్ నౌకలు రాత్రిపూట ఇటలీ భారీ క్రూజర్లు మూడింటిని, డిస్ట్రాయర్లు రెండింటిని ముంచాయి. అంతకు ముందు 1940 నవంబర్‌లో విమానవాహక నౌక ‘ఇలస్ట్రియస్’ నుంచి లేచిన 21 స్వోర్డ్‌ఫిష్ విమానాలు టారంటో రేవులో ఇటలీ యుద్ధనౌకలు మూడింటిని దెబ్బతీశాయి. పక్కనే ఇంత పెద్ద గెలుపులు ఉంటే ‘అందుకే జీసీబీ ఇచ్చారు’ అని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. ఇచ్చిన కారణం బ్రిటిష్ ప్రభుత్వ అధికార పత్రిక లండన్ గెజిట్ ప్రకటనలో చూసి రాయాలి. పని జరిగిన రోజు ఒకటి, గెజిట్‌లో అచ్చయిన రోజు మరొకటి. రెంటినీ నోట్‌బుక్‌లో వేర్వేరు గడుల్లో పెట్టుకోండి.

ఇక్కడే ‘సర్’ గురించి. సీబీకి సర్ రాదు, కేసీబీతో వస్తుంది. కాబట్టి 1934లో ఆయన సర్ కాదు, 1939 నుంచి సర్. మన గోదావరి జిల్లాల్లో కాటన్ దొరను చాలామంది ‘సర్ కాటన్’ అనేస్తారు. ఇంగ్లిష్ పద్ధతిలో అది కుదరదు. ధవళేశ్వరం బ్యారేజీ పేరులో ఉన్నట్టు ‘సర్ ఆర్థర్ కాటన్’ అనాలి, పొట్టిగా అయితే ‘సర్ ఆర్థర్’. సర్ ఎప్పుడూ సొంత పేరును పట్టుకునే ఉంటుంది, ఇంటిపేరు మీద ఒంటరిగా వాలదు. ఇదే లెక్కన ‘సర్ ఆండ్రూ’ సరైనది, ‘సర్ కన్నింగ్‌హామ్’ తప్పు.

ఇప్పుడు పక్కన పెట్టిన ఓఎం. ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1902లో ఏడో ఎడ్వర్డ్ పెట్టింది. ఒక సమయంలో 24 మందికి మించి ఉండకూడదు. దీనితో సర్ రాదు. కన్నింగ్‌హామ్‌కు 1946లో వచ్చింది. దాని ఎడమన ఉన్న జీసీబీ 1941ది, ఇంకా ఎడమన ఉన్న కేటీ 1945ది. చూశారా, కుడి నుంచి ఎడమకు వెళ్తే 1946 తర్వాత 1941 వచ్చింది. ఉర్దూ చిట్కా ఇక్కడ విరిగిపోయింది. తోక నుంచి ఏయే గౌరవాలు ఉన్నాయో తెలుస్తుంది, ఎప్పుడు వచ్చాయో తెలియదు. తేదీలు బయట నుంచి తెచ్చుకోవాల్సిందే.

కేటీ అంటే థిసిల్ ఆర్డర్, స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా పెద్ద గౌరవం. రాజకుటుంబం కాక పదహారుమందికే చోటు. డబ్లిన్‌లో పుట్టిన మనిషికి స్కాట్లాండ్ గౌరవం ఏమిటని అడగొచ్చు. తల్లిదండ్రులు స్కాట్లాండ్ వాళ్లు. తండ్రి డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం ప్రొఫెసర్, తర్వాత ఎడిన్‌బరాకు వెళ్లారు. పుట్టిన ఊరు ఒక్కటే చూస్తే ఈ అక్షరాలు అర్థం కావు.

ఇక నడిమి ముక్క, వైకౌంట్ అనే వంశపారంపర్య బిరుదు. దాకా ఎక్కిన మెట్లు ఇవి: 1942లో బారొనెట్, 1945లో బారన్, 1946లో వైకౌంట్. బారొనెట్ వంశపారంపర్యమే అయినా ‘సర్’ దగ్గరే ఆగుతుంది. బారన్ నుంచి ‘లార్డ్’. ఆయనకు పిల్లలు లేరు, 1963లో ఆయనతోనే ఈ బిరుదులన్నీ ముగిశాయి. తమ్ముడు అలన్ కన్నింగ్‌హామ్ సైన్యంలో జనరల్, బ్రిటిష్ పాలనలో పాలస్తీనాకు చివరి హైకమిషనర్. ఆయనకు అన్న బిరుదు రాలేదు, ఎందుకంటే అది పొందినవాడి కొడుకులకే చెందుతుంది.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి. మొదట్లో ఒక వ్యాసంలో ఈయన గురించి రాస్తూ ‘1943లో లార్డ్ అయ్యారు’ అని రాశాను. అంతటితో ఆగక పక్కన ‘ప్రథమ సముద్ర ప్రభువు’ అని అనువాదం కూడా తగిలించాను. 1943 అక్టోబర్‌లో డడ్లీ పౌండ్ స్థానంలో ఆయన ‘ఫస్ట్ సీ లార్డ్’ అయిన మాట నిజం. కానీ అది పదవి, నౌకాదళాధిపతి ఉద్యోగం. అందులోని లార్డ్‌కు, పేరు ముందు వచ్చే లార్డ్‌కు సంబంధం లేదు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రెండేళ్లు దాదాపుగా ఆయన సర్ ఆండ్రూయే. లార్డ్ అయింది 1945లో. ‘కెప్టెన్’ అభ్యాసంలో చూసిన చిక్కే ఇది, వేషం మార్చుకుని వచ్చింది.

తోకలో కనిపించని సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1941 మే నెలలో క్రీట్ దీవి నుంచి సైనికులను తప్పించే పనిలో ఆయన నౌకాదళం జర్మన్ విమానాల దెబ్బకు నలిగిపోయింది. క్రీట్ పోరు మొత్తంలో మూడు క్రూజర్లు, ఆరు డిస్ట్రాయర్లు మునిగాయి. ఇక చాలు, ఆపేద్దామన్న సలహాలు వచ్చాయి. ఓడ కట్టడానికి మూడేళ్లు పడుతుంది, సంప్రదాయం కట్టడానికి మూడొందల ఏళ్లు పడుతుంది అని ఆయన అన్నారని ప్రసిద్ధి. తరలింపు ఆగలేదు, 16 వేలకు పైగా సైనికులు ఈజిప్టు చేరారు. దీనికి తోకలో అక్షరం లేదు. అందుకే నోట్‌బుక్‌లో గౌరవాల గడి పక్కన ‘గౌరవం రాని పెద్ద పని’ అని ఒక గడి గీసుకోమంటాను. చాలామంది అధికారులకు ఆ గడే ఎక్కువ నిండుతుంది.

చివరగా పేరు చిక్కు. సర్ జాన్ కన్నింగ్‌హామ్ అని ఇంకో అడ్మిరల్ ఉన్నారు. 1943లో మధ్యధరా నౌకాదళాన్ని ఆండ్రూ నుంచి అందుకున్నది ఆయనే, 1946లో ఫస్ట్ సీ లార్డ్ పదవి అందుకున్నదీ ఆయనే. తర్వాత అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ కూడా అయ్యారు. చుట్టరికం మాత్రం లేదు. ‘అడ్మిరల్ కన్నింగ్‌హామ్’ అని మాత్రమే ఉన్న పాత ఫొటో దొరికితే, ఏడాది చూడకుండా కింద పేరు రాయకండి.

ఈ పాఠం అభ్యాసం. భారత చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ కూడా బ్రిటిష్ నేవీ అధికారే. ఆయన తోకలో కొంత భాగం: కేజీ, జీసీబీ, ఓఎం, జీసీఎస్ఐ, జీసీఐఈ, జీసీవీవో, డీఎస్‌వో.

ఒకటి, వీటిలో భారతదేశం పేరు దాక్కున్నవి రెండున్నాయి, ఏవి? రెండు, ఆయన డీఎస్‌వో ఎన్నిసార్లు పొందారు, ఆ సంగతి తోక చూసి ఎలా చెప్పగలం? మూడు, ఆయన 1955లో ఫస్ట్ సీ లార్డ్ అయ్యారు. అప్పటికి ఆయన ‘లార్డ్’ అవునా, కాదా? జవాబు చెప్పేముందు ఏ తేదీ వెతకాలో రాయండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో.