చైనా అవినీతి కేసుల వార్తలను ఎలా చదవాలి

చైనాలో ఒక పెద్ద అధికారిపై వేటు పడిందన్న కబురు తొలుత ఒకటి రెండు వాక్యాల్లోనే వెలువడుతుంది: ఫలానా వ్యక్తి ‘క్రమశిక్షణను, చట్టాన్ని తీవ్రంగా ఉల్లంఘించారన్న’ అనుమానంపై విచారణ జరుగుతోందని. ఆరోపణ ఏమిటని వెతికే ముందు ఆ ప్రకటన ఎవరి పేరున వచ్చిందో చూడండి. అది ఇచ్చేది న్యాయస్థానం కాదు, పోలీసు శాఖ కాదు. కమ్యూనిస్టు పార్టీకి చెందిన కేంద్ర క్రమశిక్షణ తనిఖీ కమిషన్. 2018లో ఏర్పాటైన జాతీయ పర్యవేక్షణ కమిషన్ ప్రభుత్వ సంస్థే అయినప్పటికీ ఈ పార్టీ కమిషన్‌తో కలిసే పనిచేస్తుంది.

తరువాత తేదీలను వరుసగా రాసుకోండి. చోంగ్‌చింగ్ నగర పార్టీ కార్యదర్శిగా పనిచేసిన పొలిట్‌బ్యూరో సభ్యుడు సున్ ఝెంగ్‌సాయ్‌పై విచారణను 2017 జులైలో ప్రకటించారు. సెప్టెంబరులో పార్టీ నుంచి బహిష్కరించారు. 17 కోట్ల యువాన్లకు పైగా లంచం తీసుకున్నారంటూ న్యాయస్థానం జీవిత ఖైదు విధించింది మాత్రం 2018 మేలో. అంటే కోర్టు తీర్పుకు ఎన్నో నెలల ముందే పార్టీ తన తీర్పు ఇచ్చేసింది. ఈ క్రమం దాదాపు ప్రతి కేసులోనూ కనిపిస్తుంది కాబట్టి, శిక్ష ఎంత అన్నదానికన్నా బహిష్కరణ ఎప్పుడు జరిగిందన్నదే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

నిర్బంధం గురించి తప్పక ఆరా తీయండి. మన దగ్గర ఏసీబీ అరెస్టు చేసిన ఉద్యోగిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అక్కడ ‘లియూఝీ’ అనే నిర్బంధంలో ఉంచిన వ్యక్తికి న్యాయవాదిని కలిసే అవకాశం ఉండదు. 2018 నాటి చట్టమే దాన్ని ఆరు నెలల దాకా కొనసాగించే వీలు కల్పించింది.

లంచం మొత్తం చూసి ఆగిపోకండి. ప్రభుత్వ రంగ ఆర్థిక సంస్థ హువారోంగ్ మాజీ అధిపతి లాయ్ షియావోమిన్ 178 కోట్ల యువాన్లకు పైగా లంచం తీసుకున్నట్లు తేలగా 2021 జనవరిలో మరణశిక్ష అమలు చేశారు. ఆయనను అంత పదవిలో కూర్చోబెట్టినవారు ఎవరు, అన్నేళ్లు ఎవరూ ఎందుకు ఆపలేదన్న ప్రశ్నలను ప్రకటనల్లో వెతికి చూడండి.

చివరగా, అవే ప్రశ్నలను పార్టీ బయటి పౌరులు అడిగితే ఏం జరిగిందో కూడా ఈ వార్తల పక్కనే ఉంచుకుని చదవండి. అధికారులు తమ ఆస్తులు వెల్లడించాలని ఉద్యమించిన న్యాయ పండితుడు షూ ఝియోంగ్‌కు 2014లో నాలుగేళ్లు, 2023లో మరో కేసులో 14 ఏళ్లు జైలుశిక్ష పడింది.