సీతాకోకచిలుకలు, అడవిపూల ఫోకస్ స్టాకింగ్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

వెలిగొండల వాలుల్లో ఫాల్గుణ మాసాన ఆకు రాల్చిన కొండగోగు పసుపుపచ్చగా, మోదుగ ఎర్రగా పూసే రోజుల్లోనైనా, కార్తీకపు వానలు వెలిసాక పొలం గట్ల మీద విష్ణుకాంత, తుమ్మి విరగబూసే రోజుల్లోనైనా, చిన్నవాటిని దగ్గరి నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్సుతో పువ్వు ముందు కూర్చున్నవారికి ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఒకటే: దగ్గరికి వెళ్ళిన కొద్దీ పదునుగా పడే భాగం పలచబడిపోతుంది. పువ్వు తన అసలు పరిమాణంలోనే సెన్సారు మీద పడే 1:1 స్థాయిలో, ఏపీఎస్-సీ సెన్సారు (ఫుల్ ఫ్రేము కన్నా చిన్నది) ఉన్న కెమెరాతో, అపెర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్8 దగ్గర ఉంచి తీస్తే ఆ పదును పొర మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫ్రేములు తీసి, ఒక్కొక్క దానిలోని పదునైన భాగాన్ని ఏరి ఒకే చిత్రంగా కలుపుతాము; ఫోకస్ స్టాకింగ్ అంటే ఇదే. లోపాలు కంప్యూటరు తెర మీద బయటపడతాయి గనుక సాఫ్ట్‌వేరులోనే పరిష్కారం వెతకడం చాలామందికి అలవాటు. నా అనుభవంలో మాత్రం వాటిలో ఎక్కువ భాగం షట్టరు నొక్కక ముందే, పువ్వు దగ్గరే మొదలవుతాయి. కాబట్టి ప్రతి సమస్యకూ ముందుగా అక్కడి కారణాన్నే వెతకవలసిందని నా మనవి.

సమస్య: మీసాలు రెండేసి కనిపిస్తున్నాయి, రేకుల అంచుల పక్కన మరో అంచు నీడలా పడుతోంది

మొదటి ఫ్రేముకూ చివరి ఫ్రేముకూ మధ్య పువ్వో పురుగో కదిలిందన్నమాట. వెంట్రుకవాసి కదలిక కూడా 1:1 స్థాయిలో పెద్దదే అవుతుంది. సాఫ్ట్‌వేరు మొత్తం ఫ్రేము పక్కకు జరిగితే సరిచేయగలదు కానీ, కాడ ఒక వైపుకూ రేకు మరో వైపుకూ ఊగితే ఏమీ చేయలేదు.

దీనికి మొదటి మందు వేళ. పొద్దు పొడిచినప్పటి నుంచి ఎండ చురుక్కుమనే వరకు గాలి నెమ్మదిగా ఉంటుంది, పైగా సీతాకోకచిలుక ఒళ్ళు వెచ్చబడేదాకా ఎగరలేదు గనుక కొమ్మ పట్టుకుని కదలకుండా ఉంటుంది. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో ఆకు అడుగున ఉన్న ప్యూపా నుంచి అప్పుడే బయటపడిన నిమ్మ సీతాకోకచిలుక, రెక్కలు ఆరి గట్టిపడేదాకా గంటకు పైగా అక్కడే వేలాడుతుంది. స్టాకింగ్‌కు ఇంతకన్నా అనువైన సమయం మరొకటి దొరకదు. అదే చిలుక పువ్వు మీద తేనె తాగేటప్పుడు రెక్కలను ఆపకుండా అల్లాడిస్తూనే ఉంటుంది కాబట్టి, అప్పుడు స్టాకింగ్ ప్రయత్నమే మానుకుని ఒక్క ఫ్రేముతో సరిపెట్టుకోవడం మేలు. శాస్త్రీయ నామంలో తిరుమల అనే పేరున్న బ్లూ టైగర్ జాతి మగవి జనుము జాతి మొక్కల ఎండుకాడలను గీకి పీల్చడంలో లీనమైపోయి, మనం దగ్గరికి వెళ్ళినా తొందరగా లేవవు. ఏ చిలుక ఏ పనిలో ఉన్నప్పుడు నిలకడగా ఉంటుందో తెలుసుకోవడమే ఇక్కడ సగం పరిష్కారం.

పూల విషయంలో కాడకు పక్కన ఒక సన్నని పుల్ల గుచ్చి, మెత్తని దారంతో వదులుగా ఆనించితే ఊపు చాలావరకు తగ్గుతుంది. గాలి వచ్చే వైపు ఒక గొడుగు అడ్డం పెట్టవచ్చు. విష్ణుకాంతతో ఇంకొక చిక్కు ఉంది. అది పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోయే పువ్వు గనుక, సగం విచ్చినప్పుడు నెమ్మదిగా తీసిన వరుసలో రేకులు మన కళ్ళ ముందే జరుగుతూ ఉంటాయి. గాలి లేకపోయినా అంచులు రెండుగా పడితే కారణం ఇదే అయి ఉండవచ్చు. పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి మొదలుపెట్టాలి.

కదలకుండా ఉంటాయని సీతాకోకచిలుకలను డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచే పద్ధతిని కొందరు చెబుతుంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. చలికి కొయ్యబారిన ప్రాణిని పువ్వు మీద కూర్చోబెట్టి తీసిన చిత్రంలో కాళ్ళు పట్టు లేకుండా వేలాడటం తెలిసినవారికి ఇట్టే కనిపిస్తుంది, పైగా మనం చూడవచ్చిన జీవాన్నే మనం బాధపెట్టినవారమవుతాము.

సమస్య: ముందు భాగం, వెనుక భాగం పదునుగా ఉన్నాయి, మధ్యలో ఒక పట్టీ మసకగా ఉంది

ఒక ఫ్రేములోని పదును పొరకూ తరువాతి ఫ్రేములోని పొరకూ మధ్య ఖాళీ మిగిలిపోయింది. ఫోకస్ జరిపే అడుగు పెద్దదైనప్పుడు ఇలా జరుగుతుంది. పొరలు ఒకదానిపై ఒకటి మూడో వంతైనా ఎక్కేలా అడుగు వేయాలి.

లెక్క ఒకసారి చేసి చూద్దాం. విష్ణుకాంత పువ్వు చిటికెనవేలి గోరంత ఉంటుంది. నీలి రేకుల గిన్నె అంచు నుంచి అడుగు దాకా, మధ్యన నిలబడిన అయిదు తెల్లని కేసరాలతో సహా, లోతు 4 మిల్లీమీటర్లు అనుకుందాం. పదును పొర 0.6 అయినప్పుడు అడుగు 0.4 చొప్పున వేస్తే 11 ఫ్రేములు అవసరమవుతాయి. పువ్వుకు ముందొకటి, వెనుకొకటి అదనంగా తీస్తే 13. నేను మొదట్లో ఇదే పువ్వును 6 ఫ్రేములతో ముగించి, ఇంటికి వచ్చి చూస్తే కేసరాల తలలు, రేకుల అంచులు పదునుగా ఉండి, కేసరాల కాడలు మాత్రం పొగలో ఉన్నట్లు కనిపించాయి. ఆ ఖాళీని నింపడానికి ఏ సాఫ్ట్‌వేరు దగ్గరా సమాచారం ఉండదు.

ఫోకస్‌ను దానంతటదే జరుపుతూ వరుస తీసే ఫోకస్ బ్రాకెటింగ్ సదుపాయం కెమెరాలో ఉన్నా, దాని అడుగులకు సాధారణంగా మిల్లీమీటర్ల కొలత ఉండదు, 1, 2, 3 అనే అంకెలు మాత్రమే ఉంటాయి. కాబట్టి ఒక స్కేలును 45 డిగ్రీల వాలుగా పెట్టి ఒక్కొక్క అంకెతో వరుస తీసి, పదును ఎన్ని గీతలు జరిగిందో చూడండి. స్కేలు వాలుగా ఉన్నందున ఆ కొలతను 0.7తో గుణిస్తే అసలు లోతు వస్తుంది. ఈ చిన్న పరీక్ష ఒక మధ్యాహ్నం ఇంట్లోనే చేసి, ఫలితాన్ని కాగితం మీద రాసి కెమెరా సంచిలో పెట్టుకుంటే తరువాత తడుములాట ఉండదు.

సమస్య: అంచుల చుట్టూ మసక వలయం

పువ్వు ముందు అంచు మీద ఫోకస్ ఉన్నప్పుడు వెనుక మసకగా ఉంటుంది. వెనక్కి జరిపినప్పుడు ఆ ముందు అంచే ఉబ్బి, వెనుక భాగాన్ని కప్పివేస్తుంది. అందువల్ల అంచుకు ఆనుకుని ఉన్న సన్నని మేర ఏ ఫ్రేములోనూ స్పష్టంగా నమోదు కాదు. ఇది కాంతి స్వభావమే గనుక పూర్తిగా పోదు, తగ్గించుకోవలసిందే. వెనుక ఉన్న ఆకులూ గడ్డీ దూరంగా ఒకే రంగులో కలిసిపోయే కోణాన్ని ఎంచుకుంటే వలయం దాదాపు కనిపించదు.

కలిపే పద్ధతి కూడా ముఖ్యమే. మీసాలు, కేసరాలు, కాళ్ళ మీది నూగు ఒకదానిపై ఒకటి అడ్డంగా పడినచోట ఫ్రేములు కలిపే సాఫ్ట్‌వేర్లైన హెలికాన్ ఫోకస్‌లో మెథడ్ సి గానీ జీరీన్ స్టాకర్‌లో పీమ్యాక్స్ గానీ బాగా పనిచేస్తాయి. అయితే నాయిస్ (ఇసుక చల్లినట్లు కనిపించే చుక్కలు) పెరుగుతుంది. నున్నని రేకులకు, రెక్కల రంగులకు మెథడ్ బి గానీ డీమ్యాప్ గానీ నయం. నేను రెండు విధాలా కలిపి, రేకులున్న చిత్రాన్ని ఆధారంగా ఉంచుకుని, కేసరాలను రెండోదాని నుంచి రీటచ్ బ్రష్‌తో తెచ్చుకుంటాను.

సమస్య: ఫ్రేములన్నీ సరిపోయినా చిత్రం మొత్తం మెత్తగా ఉంది

ఎక్కువ లోతు కోసం ఎఫ్16, ఎఫ్22 పెట్టి ఉంటారు. 1:1 స్థాయిలో ఎఫ్16 అనేది ఎఫ్32లా ప్రవర్తిస్తుంది, చిన్న రంధ్రంలోంచి కాంతి చెదిరే డిఫ్రాక్షన్ వల్ల సన్నని వివరాలు అణగిపోతాయి. స్టాకింగ్ చేసేదే లోతు కోసం కాబట్టి ఎఫ్5.6 నుంచి ఎఫ్8 దాకా ఉంచి ఫ్రేములు పెంచడం సరైన దారి. అపెర్చర్ సరిగానే ఉంటే ట్రైపాడ్ కాళ్ళు ఇసుకలో దిగబడుతున్నాయేమో చూడండి. సోమశిల దిగువన పెన్న ఇసుకలో నాకు ఇది పలుమార్లు జరిగింది, కాళ్ళ కింద పలకరాళ్ళు పెట్టాక తీరింది.

మొదటి కొన్ని ఫ్రేములు మాత్రమే పాలిపోయినట్లుంటే కారణం వేరు. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న లెన్సును కోస్తా ఉక్కలోకి తీసుకువస్తే గాజు మీద తేమ పడుతుంది. సంచి మూసి ఉంచి అరగంట ఆగిన తరువాతే బయటికి తీయాలి.

సమస్య: వెలుతురు, రంగులు అతుకులుగా ఉన్నాయి, మచ్చలు గీతలుగా సాగాయి

ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ (కాంతికి సెన్సారు సున్నితత్వం), వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మూడింటినీ మాన్యువల్‌లో బిగించండి. ఫ్లాష్ వాడితే అది పూర్తిగా చార్జయ్యేంత విరామం ఇవ్వండి. మోదుగ ఎరుపు, తంగేడు పసుపు ఎండలో తొందరగా తేలిపోతాయి గనుక వెలుతురు పంపిణీ చూపే హిస్టోగ్రాంలో ఎరుపు రంగును విడిగా చూసి, ఒక స్టాప్ దాకా (అంటే కాంతి సగమయ్యేదాకా) తగ్గించి, సెన్సారు సమాచారమంతా ఉండే రా ఫైలులో తీయాలి. మచ్చలు గీతలుగా సాగడానికి కారణం సెన్సారు మీది ధూళి: ఫ్రేములు సరిపోల్చేటప్పుడు ప్రతి ఫ్రేమూ కొద్దిగా జరుగుతుంది కాబట్టి ఒక్క మచ్చే పది మచ్చల వరుస అవుతుంది. బయలుదేరే ముందు బ్లోయరుతో ఊదడం చాలు. అంచులు కత్తిరింపుకు పోతాయి గనుక చుట్టూ కాస్త జాగా వదిలి కూర్చండి.

సమస్య: వరుస పూర్తికాక ముందే చిలుక ఎగిరిపోతోంది

మన నీడ దాని మీద పడిందేమో ముందు గమనించాలి. సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకుని వంగి వెళితే మన తల నీడే ముందుగా చేరుతుంది. పక్క నుంచి, మోకాళ్ళ మీద, ఆగి ఆగి జరగాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఫ్రేముల సంఖ్య తగ్గించడం. నిమ్మ సీతాకోకచిలుక రెక్కలు విప్పితే 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటుంది. అది మొత్తం ఏపీఎస్-సీ ఫ్రేములో పట్టాలంటే సుమారు పావు స్థాయి (1:4) చాలు, అప్పుడు ఎఫ్8 దగ్గర పదును పొర 6 మిల్లీమీటర్లకు పైనే వస్తుంది. రెక్కల తలానికి సెన్సారు సమాంతరంగా ఉండేలా నిలబడితే రెక్కలన్నీ ఒకే ఫ్రేములో పదునుగా పడతాయి. ఏటవాలుగా నిలబడితే అదే చిలుకకు పది ఫ్రేములైనా చాలవు. కాబట్టి కోణం సరిచేసుకుని, మొదటి ఫ్రేము రెక్కల మీద, వెంటనే రెండోది కంటి మీద తీయండి. ఇంకా కూర్చుని ఉంటే మూడోది మీసాల కొసల మీద. ఫోటోషాప్‌లో ఈ రెండు మూడింటినీ పొరలుగా పేర్చి, మాస్క్‌తో కంటిని, మీసాలను చేత్తోనే కలుపుకోవచ్చు. చిలుక రెండో ఫ్రేము తరువాత ఎగిరిపోయినా రెక్కలూ కన్నూ మన దగ్గర ఉంటాయి.