చీకటి రాతలు చిన్న పత్రికకి పంపేముందు

మా పత్రిక ఏడాదికి ఒక్కసారి వస్తుంది. 64 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు నాలుగు. చీకటి కవితలు, దెయ్యం కథలు, నిద్ర పట్టనివ్వని బొమ్మలు వేస్తాం. నడిపేది ఇద్దరం: నేను, బొమ్మలూ లేఅవుటూ చూసుకునే నా తమిళ స్నేహితురాలు. నా బతుకుదెరువు చెన్నై వడపళనిలో డబ్బింగ్ సినిమాలకి తెలుగు డైలాగులు రాయడం. పగలంతా హారర్ సినిమాల్లో పెదాల కదలికకి మాటలు సరిపెట్టి, రాత్రి అన్నం తిన్నాక ఫోన్లో మీ కవితలు తెరుస్తాను. చిన్న పత్రికల వాళ్ళం చాలామందిమి ఇలాగే చదువుతాం. మీరు పంపింది చదివేది అప్పటికే అలసిపోయిన మనిషి అని గుర్తుంచుకుంటే ఈ కింద చెప్పేవాటిలో సగం మీకే తోస్తాయి.

ముందు ఏం పంపాలన్న సంగతి. నాకొచ్చే కవితల్లో శవం, శ్మశానం, శూన్యం ముగ్గురూ కలిసే వస్తారు. వెనకాలే కాకి. కథలైతే ఎనభైల నాటి వారపత్రికల క్షుద్ర సీరియళ్ళ సామాను ఇంకా మోస్తున్నాయి: ముగ్గు, నిమ్మకాయలు, పుర్రె, అమావాస్య. ఇవి వాడకూడదని కాదు. కానీ ఆ పుర్రె ఎవరిదో, ముగ్గు ఎవరి వాకిట్లో పడిందో రాసినవారికే తెలియనప్పుడు చదివేవాళ్ళకి భయమెలా వేస్తుంది?

మేం వెంటనే తీసుకున్న కథ ఒకటి చెబుతాను. 2015 డిసెంబరు వరదల తర్వాత కొట్టూర్‌పురంలో ఒక అద్దె ఇల్లు. గోడ మీద నీళ్ళు వచ్చిన మేర మరక. ఇంటివాళ్ళు సున్నం వేస్తారు, మరక మళ్ళీ పైకి తేలుతుంది. కొన్నాళ్ళకి అది మునుపటికంటే ఒక వేలెడు ఎత్తులో ఉందని ఇల్లాలు గమనిస్తుంది. ఎవరికీ చెప్పదు. పిల్లల మంచం కింద ఇటుకలు పెట్టడం మొదలుపెడుతుంది. అంతే కథ. దెయ్యం లేదు, నెత్తురు చుక్క లేదు. ఆ ఇటుకల దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశాను. మీ రాతలో అలాంటి ఇటుక ఒక్కటి ఉందా అని చూసుకుని పంపండి.

చేతబడి, బాణామతి మీద రాసేవాళ్ళకి ఒక మాట. మన ఊళ్ళలో ఆ అనుమానంతో మనుషుల్ని నిజంగానే చంపారు. కథలో మంత్రగత్తె అనిపించుకునేది ప్రతిసారీ ఒంటరి ముసలిదో, ఊరి చివర కులం మనిషో అయితే ఆ కథ నన్ను భయపెట్టదు, చిరాకు పెడుతుంది. ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో రాయండి. చీకటి అక్కడే ఎక్కువ.

ఆత్మహత్య మీద రాస్తే రచనతో పాటు పంపే కవరు లేఖలో ఒక వాక్యం ముందే చెప్పండి, చదవడానికి సిద్ధపడి తెరుస్తాం. పద్ధతి వివరంగా రాసినవి మేం వేయం. ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. కవితలో ఉన్నది మీరే అయితే, ఇప్పుడే అయితే, పత్రిక సంగతి ఆగుతుంది. చెన్నైలో 1986 నుంచి స్నేహ అనే సంస్థ ఇలాంటి వాళ్ళ మాట వింటోంది. దేశంలో ఎక్కడి నుంచైనా 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు పలుకుతారు. అలాంటి కవిత వస్తే నేను బాగుందని జవాబు రాయను, ముందు ఫోన్ చేస్తాను.

ఇక పంపడం. యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు పంపండి. పీడీఎఫ్ వద్దు, నోట్‌బుక్ పేజీ ఫోటో అసలే వద్దు. చెన్నైలో తెలుగు డీటీపీ తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. ఉన్నవాళ్ళలో కొందరు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే కూర్చుంటారు. మీ యూనికోడ్ దాంట్లోకి మారేటప్పుడు ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటి వాటిలో ఒత్తులు ఎగిరిపోతాయి. అందుకే ఏ పత్రిక తీసుకున్నా అచ్చుకి ముందు ప్రూఫ్ అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. మా దగ్గర ఇన్‌డిజైన్‌లో మండలి ఫాంటుతో చేస్తాం. అక్కడ కూడా వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే తెలుగు అక్షరాలు విడిపోయి కూర్చుంటాయి. సొంతంగా చిన్న పుస్తకం వేసుకునేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే రెండు రాత్రుల టెన్షన్ తప్పుతుంది.

కవులు పాదం పొడవు చూసుకోవాలి. మాది డెమ్మీలో ఎనిమిదో వంతు సైజు, ఐదున్నర అంగుళాలకి ఎనిమిదున్నర. మార్జిన్లు పోగా అక్షరాలకి మిగిలేది నాలుగు అంగుళాలు. ఫేస్‌బుక్‌లో పొడుగ్గా సాగిన పాదం ఇక్కడ విరిగి కింద పడుతుంది. ఎక్కడ విరగాలో మీరే నిర్ణయించి పంపితే మేలు, లేకపోతే అది లేఅవుట్ చేసేవాళ్ళ చేతిలో ఉంటుంది.

అసలు ఫేస్‌బుక్‌లో పెట్టిన కవితని చాలా పత్రికలు అచ్చయిపోయినట్టే లెక్కేస్తాయి. ముందు పత్రికకి, తర్వాత గోడ మీదకి. ఈ వరస మార్చకండి.

ఫైలుతో పాటు హామీ పత్రం ఉండాలి. ఇది మన తెలుగు పత్రికల పాత అలవాటు, మంచి అలవాటు. ‘ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదం, అనుకరణ కాదు. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు.’ ఇంత చాలు. ఇప్పుడు దానికి ఇంకో వాక్యం కలపమంటున్నాం: ఏఐతో రాయించలేదు, గీయించలేదు అని. 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ పత్రిక యంత్రం రాసిన కథలు వరదలా వచ్చిపడితే కొన్నాళ్ళు తలుపులే మూసుకుంది. మాకు వరద రాలేదు గానీ జల్లు మొదలైంది. కవరు లేఖ మాత్రం చిన్నదిగా ఉంచండి. మీ పేరు, ఊరు, రచన పేరు, ఎన్ని మాటలు. కథ సారాంశం, అందుకున్న శాలువాల జాబితా అక్కర్లేదు.

పంపాక ఆగాలి. ఎంతకాలం అన్నది పత్రికని బట్టి ఉంటుంది. ఆదివారం అనుబంధాలు చాలావరకు జవాబే ఇవ్వవు. మూడు నెలలు దాటితే ఒక మెయిల్ పెట్టి, దానికీ పలుకు లేకపోతే ‘వెనక్కి తీసుకుంటున్నాను’ అని రాసి ఇంకోచోటికి పంపుకోండి. ఫోన్లు మాత్రం వద్దు. నెల్లూరు నుంచి ఒక కుర్రాడు చేస్తుంటాడు:

“అక్కా, చదివారా?”

“ఇంకా లేదు నాన్నా. వచ్చే నెల చెబుతా.”

“బాగాలేదా అక్కా?”

“చదవలేదన్నాను కదరా!”

మంచి కవి. ఈసారి సంచికలో ఉన్నాడు కూడా. ఫోన్ చేసినందుకు కాదు.

ఎవరికి పంపాలంటే, ముందు ఆ పత్రిక చదవండి. అచ్చులో పాలపిట్ట లాంటివి, నెట్‌లో ఈమాట, సారంగ, సంచిక లాంటివి తెలుగు కథకీ కవితకీ చోటిస్తున్నవి. ఈమాట 1998 నుంచి నడుస్తోంది, వచ్చిన రచనని సమీక్షకులకి చూపిస్తారు, కాబట్టి మార్పులు అడిగితే కోపం తెచ్చుకోకండి. ఇవేవీ భయానికే ప్రత్యేకించినవి కావు. అందుకే పైన చెప్పిన మరక కథ లాంటిది వీటిలో ఎక్కడైనా ఇమడొచ్చు, పుర్రె కథకి మాత్రం చోటు దొరకడం కష్టం. విపుల, చతుర ఆగిపోయాక ఆ వైపు ఇరుకు ఇంకా పెరిగింది.

డబ్బు విషయం. తెలుగు చిన్న పత్రికలు పారితోషికం దాదాపు ఇవ్వవు. రెండు కాపీలు, ఒక కృతజ్ఞత. అది తెలిసి పంపడంలో తప్పు లేదు. కానీ మీ దగ్గరే డబ్బు అడిగేవాళ్ళ జోలికి పోకండి. ‘మీ కవిత సంకలనానికి ఎంపికైంది, ప్రవేశ రుసుం కట్టండి, పది కాపీలు కొనండి, ప్రశంసాపత్రం ఇస్తాం’ అని వాట్సాప్‌లో వస్తుంది. అందులో ఎంపిక కానివాళ్ళు ఉండరు.

హక్కుల గురించి మాత్రం గట్టిగా ఉండండి. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ రచయిత పక్షాన ఉంది. హక్కు బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్ళకే అని అర్థం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. పత్రిక అట్ట లోపల ‘సర్వహక్కులు మావే’ అని చిన్న అక్షరాల్లో వేసుకున్నంత మాత్రాన మీ కథ వాళ్ళదైపోదు. పంపేటప్పుడే రాసేయండి: ‘మొదటిసారి ప్రచురించే హక్కు మాత్రమే ఇస్తున్నాను. పుస్తకం, అనువాదం, ఆడియో, సినిమా హక్కులు నావే.’ ఆడియో ఎందుకంటే, అర్ధరాత్రి దెయ్యం కథలు చదివే యూట్యూబ్ ఛానళ్ళు అనుమతి మాట మర్చిపోతుంటాయి. సినిమా ఎందుకంటే, నేను ఉండేది సినిమా వాళ్ళ పేట కోడంబాక్కం పక్కన. కథ కోసం చిన్న పత్రికలు తిరగేసే అసిస్టెంట్ డైరెక్టర్లని రోజూ టీ కొట్టు దగ్గర చూస్తుంటాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, కాగితం లేకపోతే ఎవరైనా అంతే.

బొమ్మల వాళ్ళకి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాళ్ళకి ఎవరూ చెప్పరు. ట్రిప్లికేన్‌లో మా ప్రెస్సు పెద్దాయన నల్లటి పేజీ చూసినప్పుడల్లా ఒకటే అంటాడు: “ఇవ్వళవు కరుప్పు పోట్టా పేపర్ తాంగాదు మా.” అంత నలుపు ఈ కాగితం మోయలేదని. నిజమే. 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం మీద పేజీ నిండా నలుపు పోస్తే వెనక పేజీలోకి కనిపిస్తుంది, ఎదుటి పేజీకి అంటుకుంటుంది, మధ్యలో బూడిద మచ్చలు వస్తాయి. స్క్రీన్ మీద చీకట్లో దాగి కనిపించే ముఖం అచ్చులో పూర్తిగా మునిగిపోతుంది. అందుకే నీడల్ని 85 శాతం దగ్గర ఆపండి, పూర్తి నలుపుని గీతలకి దాచుకోండి. బొమ్మలో అక్షరాలు కలపకండి. ఇంకుతో గీసిన గీతల బొమ్మని 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయండి. నీడలున్న బొమ్మకి అచ్చు సైజులో 300 చాలు. మా పేజీ నిండా రావాలంటే 1650కి 2550 పిక్సెళ్ళు, నాలుగు వైపులా కోతకి మూడేసి మిల్లీమీటర్లు అదనం. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పిండేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఎలాంటి బొమ్మ అంటే, చందమామలో శంకర్ గారు గీసిన బేతాళుడి బొమ్మ ఒకసారి మళ్ళీ చూడండి. 1947లో ఇదే మద్రాసులో పుట్టి పెరిగిన పిల్లల పత్రిక, అందులో నెలనెలా భుజాన శవం. రాజు ముఖంలో భయం లేదు, నడక ఆగలేదు. మన వెన్ను జలదరించేది అందుకే. మాకొచ్చే బొమ్మల్లో అందరూ అరుస్తుంటారు.

బొమ్మకి భాష అడ్డు కాదు. చెన్నైలో ఉంటే తమిళ చిన్న పత్రికలకి కూడా పంపండి. 1959లో ‘ఎళుత్తు’ పత్రిక మొదలైనప్పటి నుంచి ఇక్కడ చిన్న పత్రికకి గట్టి సంప్రదాయం ఉంది. జనవరి పుస్తక ప్రదర్శనలో ఆ పత్రికల వాళ్ళు ఎదురుపడతారు, నమూనాలు చూపించొచ్చు. వడపళని, సాలిగ్రామం వైపు ఉన్న తెలుగు ఆర్టిస్టులు ఈ దారి ఎందుకు తొక్కరో నాకు అర్థం కాదు.

ఇంగ్లీషులోకి వెళ్ళదలిస్తే సబ్మిషన్ గ్రైండర్ అనే సైటు ఉచితం. ఏ పత్రిక తలుపు తెరిచి ఉందో, ఎంత ఇస్తారో, ఎన్నాళ్ళకి జవాబిస్తున్నారో అందులో కనిపిస్తుంది. నైట్‌మేర్, ద డార్క్ లాంటివి ఈ తరహా కథలకే పుట్టినవి. అమెరికా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2019 నుంచి మాటకి 8 సెంట్లని వృత్తి స్థాయి రేటుగా పెట్టుకుంది. ఆ లెక్కన 2000 మాటల కథకి 160 డాలర్లు. అంత ఇవ్వలేని చిన్నవే ఎక్కువ. మాన్యుస్క్రిప్టు షన్ ఫార్మాట్ అనే పేజీ అమరికలో అడుగుతారు, నెట్‌లో నమూనా దొరుకుతుంది. ఒకే కథ ఒకేసారి రెండు చోట్లకి పంపొచ్చా లేదా అన్నది ప్రతి పత్రిక నిబంధనల్లో రాసి ఉంటుంది, చూడండి. మీ తెలుగు కథకి అనువాదమైతే తెలుగులో ఎక్కడ వచ్చిందో దాచకుండా చెప్పండి, కొందరు దాన్ని పునర్ముద్రణ కింద లెక్కేసి తక్కువ ఇస్తారు. అనువాదం చేసింది వేరేవాళ్ళైతే డబ్బు ఎలా పంచుకోవాలో పంపకముందే మెయిల్‌లో రాసుకోండి.

డబ్బు ఎక్కువగా పేపాల్‌లో వస్తుంది. ఖాతాకి పాన్ కావాలి, డబ్బు దేనికి వస్తోందో చెప్పే పర్పస్ కోడ్ ఎంచుకోవాలి, ఆ తర్వాత అదే బ్యాంకులోకి వెళ్ళిపోతుంది. కథ అంగీకరించాక ఖాతా కోసం పరిగెత్తకుండా ముందే తెరిచి పెట్టుకోండి. పేరు మాత్రం బ్యాంకులో ఉన్నట్టే ఉండాలి, ‘నిశాచరి’ అని కలం పేరుతో తెరిస్తే డబ్బు అక్కడే ఆగుతుంది.