కరెంటు బిల్లు తప్పనిపిస్తే: ముందు చదవండి, ఆ తర్వాత దరఖాస్తు

కర్నూలులో ఎండ ముదిరి కూలర్ ఆడటం మొదలైతే బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. మీటరు చెడిపోయిందేమోనన్న అనుమానంతో కరెంటాఫీసుకు పోయేవాళ్లు ముందు ఒక పని చేయాలి. బిల్లులోని ప్రస్తుత రీడింగును మీటరు మీది అంకెతో పోల్చండి. మీటరులో అంతకన్నా తక్కువ ఉంటే రీడింగే తప్పు. బిల్లు మీద డోర్ లాక్ (ఇంటికి తాళం) అనో, స్టక్ అప్ (మీటరు ఆగిపోయింది) అనో ఉంటే అది సగటు లెక్క, మీ అసలు వాడకం కాదు. రీడింగు సరిగ్గానే ఉన్నా అనుమానం తీరకపోతే ఇంట్లో మెయిన్ ఆపి చూడండి. అప్పుడూ మీటరులో యూనిట్ల లైటు మిణుకుతుంటే, వాడకం లేకున్నా మీటరు నడుస్తోందన్నమాట, దరఖాస్తులో ఆ మాట తప్పకుండా రాయండి.

ఇక రేట్లు. 125 యూనిట్లు దాటితే మొత్తం వాడకానికీ 6 రూపాయల చొప్పున వేస్తారని చాలామంది భయం. 2022కు ముందు వాడకాన్ని బట్టి ఇళ్లను గ్రూపులుగా విడదీసి గ్రూపుకో రేట్ల పట్టిక వేసేవారు, ఆ భయం అప్పటిది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన పట్టికలో మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాతి 45కు 3 రూపాయలు, ఆపై 50కి 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. అంటే 130 యూనిట్లకు 57, 135, 225, 30 కలిపి 447 రూపాయలు. ఆరు రూపాయల రేటు పడింది చివరి ఐదు యూనిట్లకే. దీనికి కిలోవాట్‌కు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు (ఇంధన ఖర్చులో తేడాకు వేసే చార్జీ) కలుస్తాయి. ఈ రేట్లు ఖరారు చేసే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం ఇప్పుడు మన కర్నూలులోనే ఉంది. దాని బహిరంగ విచారణల్లో మామూలు వినియోగదారుడూ మాట్లాడొచ్చు, ఆ అవకాశాన్ని మనం వదులుకోకూడదు.

ఏసీడీ అని కనిపిస్తే కంగారు పడకండి. అది డిపాజిట్. సుమారు రెండు నెలల బిల్లుకు సమానంగా ఉండాలని వాడకం పెరిగినప్పుడు అదనంగా అడుగుతారు. దాని మీద ఏటా వడ్డీ రావాలి, అది బిల్లులో జమ అయిందో లేదో చూసుకోండి.

తప్పుందని తేలితే తెల్లకాగితం మీద సర్వీసు నంబరు, పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఏ నెల బిల్లులో ఏది తప్పో రాయండి. ఆ బిల్లు నకలు, తేదీ తెలిసేలా తీసిన మీటరు ఫొటో జతచేసి మీ సెక్షన్ కార్యాలయంలో ఇవ్వండి. 1912కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. మీటరు మీదే అనుమానమైతే బిల్లు సవరించమని కాకుండా మీటరు పరీక్ష కావాలని విడిగా అడగండి, దానికి రుసుము కట్టాలి. ఏ దరఖాస్తుకైనా రసీదో, ఫిర్యాదు నంబరో తీసుకోకుండా వెనక్కి రావద్దు. తర్వాత పై మెట్టుకు పోవాలంటే చేతిలో ఉండే ఆధారం అదే.

అక్కడ తేలకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, వకీలు అక్కర్లేదు. దాని తీర్పూ నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. వివాదం నడుస్తుండగా కరెంటు కోస్తారేమోనన్న భయంతోనే చాలామంది ఫిర్యాదు చేయరు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, అడిగిన మొత్తం, గత ఆరు నెలల సగటు బిల్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కడితే, వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు.